బేస్‌బాల్ బోరు అనే మహానుభావులకి

మొన్న లంచ్ టేబుల్ దగ్గర మళ్ళీ అదే జోకు. "బేస్‌బాల్ అంటే ఏవుంది గురూ, మన బిళ్ళంగోడుకి యూనిఫాం తొడిగారు, అంతే." ఇంకో మిత్రుడు అందుకున్నాడు: "వాళ్ళలో వాళ్ళు ఆడుకుని వరల్డ్ సిరీస్ అని పేరు!" అందరూ పగలబడి నవ్వారు.

ఈ జోకు వేసేవాళ్ళకి 2023 వరల్డ్ బేస్‌బాల్ క్లాసిక్ ఫైనల్లో జపాన్ అమెరికాని 3-2తో ఓడించిందని తెలీదు. పోనీలెండి, నాకు మాత్రం ఏం తెలుసు? మూడేళ్ళ క్రితం ఇక్కడికొచ్చిన కొత్తలో నేనూ ఆ నవ్వే నవ్వాను.

నా కళ్ళు తెరిపించింది మా టీం లీడ్. అరవై దాటిన మనిషి. ఆయన టేబుల్ మీద డిజైన్ ప్యాటర్న్స్ పుస్తకం పక్కన అరడజను బేస్‌బాల్ పుస్తకాలుంటాయి. ఒకసారి నన్ను మ్యాచ్‌కి తీసుకెళ్ళాడు. సీట్లో కూర్చోగానే సంచీలోంచి స్కోర్ పుస్తకం, పెన్సిలు తీశాడు. ప్రతి ఫీల్డర్ స్థానానికీ ఒక అంకె. షార్ట్‌స్టాప్ 6, సెకండ్ బేస్ 4, ఫస్ట్ బేస్ 3. బంతి ఆ వరుసలో తిరిగి ఇద్దరు అవుటైతే 6-4-3 అని రాస్తాడు. స్ట్రైకౌట్‌కి కె అక్షరం. బ్యాట్ ఊపకుండా నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. ఎదురుగా సినిమా హాలు తెరంత స్క్రీను, చేతిలో ఫోను ఉండగా ఈ గోలెందుకండీ అనడిగాను. "రాయకపోతే నేను సరిగ్గా చూడను" అన్నాడు. పదేళ్ళప్పుడు వాళ్ళ నాన్న నేర్పాట్ట.

ఆ పుస్తకాల్లో ఒకటి నాకిచ్చాడు. రోజర్ ఏంజెల్ రాసింది. ఈయన న్యూయార్కర్ పత్రికలో కథల ఎడిటరు. 1962 నుంచి బేస్‌బాల్ మీద వ్యాసాలు రాస్తూ, 101 ఏళ్ళు బతికి 2022లో పోయాడు. ఆ తర్వాత బిల్ జేమ్స్. కాన్సాస్‌లో ఒక ఫ్యాక్టరీలో రాత్రి కాపలా కాస్తూ, స్కోర్ల పట్టికలు తిరగేసి, 1977లో సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్నాడు. పాతికేళ్ళ తర్వాత బోస్టన్ రెడ్ సాక్స్ ఆయన్ని సలహాదారుగా పెట్టుకుంది. మనం ఇవాళ డేటా ఎనలిటిక్స్ అని రెజ్యూమేలో బోల్డ్ చేసుకుంటున్నామే, ఆ పనిని ఆ వాచ్‌మన్ కాగితమ్మీద చేశాడు!

సరే, అసలు విషయానికొస్తా. జోష్ గిబ్సన్ అని ఒక నల్లజాతి బ్యాటరు. తెల్లవాళ్ళ మేజర్ లీగుల్లో ఆడనివ్వలేదు కాబట్టి నీగ్రో లీగుల్లో ఆడాడు. 1947 జనవరిలో, 35 ఏళ్ళకే చనిపోయాడు. మూడు నెలలైనా తిరక్కుండానే, ఏప్రిల్ 15న, జాకీ రాబిన్సన్ ఆ గోడ బద్దలుకొట్టాడు. గిబ్సన్ మాత్రం రికార్డుల్లో లేడు. 2024 మేలో నీగ్రో లీగుల లెక్కలు మేజర్ లీగ్ రికార్డుల్లో కలిశాయి. జీవితకాల బ్యాటింగ్ సగటులో టై కాబ్ 0.367ని దాటి గిబ్సన్ 0.372 మొదటి స్థానంలోకొచ్చింది.

ఎలా వచ్చిందనుకున్నారు? ఆ రోజుల్లో ఎవరో ఆ స్కోర్లు పత్రికల్లో అచ్చేశారు. దశాబ్దాల తర్వాత ఆటపిచ్చోళ్ళు కొందరు ఆ పాత పేపర్లు వెతికి, చదివి, ఒక్కో మ్యాచే కూర్చారు. రాసినవాడూ చదివినవాడూ లేకపోతే గిబ్సన్ ఇప్పటికీ పుకారే.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. క్రికెట్ మన ప్రాణం కదా? ఐపీఎల్ వస్తే రెండు నెలల పాటు రోజూ నాలుగేసి గంటలు, పైన వాట్సాప్‌లో తిట్ల దండకం. మరి భారత్ తొలి టెస్టుకి, 1932లో, కెప్టెన్ ఎవరు? సి.కె. నాయుడు. నాగపూర్లో పుట్టిన తెలుగువాడు. ఆయన గురించి మీ ఇంట్లో ఒక్క తెలుగు పుస్తకం ఉందా? నా దగ్గరా లేదు. దళితుడైనందుకు కెప్టెన్సీ దక్కని పల్వంకర్ బాలూ అనే గొప్ప బౌలర్ ఉన్నాడని నాకు తెలిసింది రామచంద్ర గుహ 2002లో రాసిన ఇంగ్లీషు పుస్తకంలో. అదీ మా లీడ్ "మీ ఆట మీద మంచి పుస్తకం చెప్పు" అనడిగితే, నోరెళ్ళబెట్టి, ఇంటికెళ్ళి వెతికాక!

"చూసి ఆనందించడానికి చదవడం దేనికి? టైమెక్కడిది?" అంటారు. బేస్‌బాల్‌కి కూడా 2023లో పిచ్ క్లాక్ పెట్టి, మూడు గంటల ఆటని 2 గంటల 40 నిమిషాలకి కుదించారు. తొందర అందరికీ ఉంది బాబూ. అయినా మా లీడ్ పెన్సిల్ వదల్లేదు. మనకి లేనిది టైము కాదు, ఆట అయిపోయాక కూడా దాని గురించి ఆలోచించే అలవాటు.

ఇంత కోపం ఎందుకంటే, మా నాన్న కాలేజీలో ఉండగా బాల్ బ్యాడ్మింటన్ జిల్లా జట్టుకి ఆడారు. ఇంట్లో మసిబారిన కప్పు ఒకటుంది, మీద అక్షరాలు అరిగిపోయాయి. ఏ ఊళ్ళో గెలిచారు, ఎదురు ఎవరు, స్కోరెంత? ఎక్కడా లేదు. చిన్నప్పుడోసారి అడిగితే "ఏదో ఆడాంలేరా" అన్నారు. నేనూ వదిలేశాను. సచిన్ సెంచరీలు వరసగా ఒప్పజెప్పే నాకు, మా నాన్న ఆడిన ఒక్క మ్యాచూ తెలీదు.

ఇందులో అమెరికావాడి గొప్పేం లేదు. వాడు గిబ్సన్ని బతికుండగా ఆడనివ్వలేదు, అది మరవక్కర్లేదు. కానీ రాసుకున్నాడు కాబట్టి కనీసం దిద్దుకోగలిగాడు. రాసుకోనివాడు ఏం దిద్దుకుంటాడు?

వచ్చే ఆదివారం ఇండియాకి ఫోన్ చేసి, పెన్సిలు పట్టుకుని నాన్నని మళ్ళీ అడుగుతాను. "ఏదో ఆడాంలే" అంటే ఈసారి ఊరుకోను. మీ ఇంట్లోనూ ఓ కప్పో, పాత గ్రూప్ ఫోటోనో ఉండే ఉంటుంది. జోకులు తర్వాత వేద్దురుగానీ, ముందు అది అడిగి రాసుకోండి.