ఒంటిదారిపై రెండు బండ్లు

గన్నవరము స్టేషనులో కొంతసేపు నిలిచినచో ఎన్నియో బండ్లను చూడవచ్చును. అది చెన్నై, హౌరాల నడుమ సాగు పెద్దమార్గము. వచ్చు బండ్లకొక దారి, పోవు బండ్లకొక దారి. రైలు ఆట ఆడుకొను బాలురు ఆ మార్గమునే అనుకరింపగోరుదురు. బండ్లెన్ని యెక్కువైన అంత గొప్ప యని వారి యెన్నిక. నాకు మాత్రమది సరియని తోచదు. రైలు నడకలోని కిటుకు తెలియవలెనన్నచో బండ్లు కొద్దిగా తిరుగు ఒంటిదారినే ఆటలోనికి దింపవలెను.

గన్నవరమునకు ఆగ్నేయమున గుడివాడ కలదు. దానిమీదుగా 1908లో బెజవాడనుండి బందరునకు మీటరుగేజి బండి నడిచినది. తరువాత బ్రాడుగేజి వచ్చినది. మన ఆటకు గుడివాడ, బందరుల నడుమ ఒకే జత పట్టాలున్నవనియు, కవుతరములో మాత్రమే బండ్లు ఒకదానినొకటి తప్పుకొనగలవనియు అనుకొందము. ఉదయము 8 గంటలకు రెండు కొనలనుండియు చెరియొక బండి బయలుదేరును. అరగంటలో రెండును కవుతరము చేరును. మరియొక అరగంటలో తమతమ గమ్యములు చేరును. ఇప్పుడు బందరు బండిని 20 నిమిషములు ఆలస్యముగా కదలింపుడు. వేళకు వచ్చిన గుడివాడ బండి కవుతరములో 20 నిమిషములు పడిగాపులు పడును. ఏ తప్పును ఎరుగని ఆ బండి 9 గంటలకు మారుగా 9.20కి బందరు చేరును. అందులో పరీక్షకు పోవు విద్యార్థి యున్నచో వాని గతి యేమి?

"ఆగనేల? పంపివేసిన సరి!" అని ఆటలో ఎవరో యొకరు తప్పక అందురు. పంపుడు, చూడుడు. రెండు బండ్లును పొలముల నడుమ ముఖాముఖి నిలుచును. నిజమైన పట్టాలపై అవి నిలువవు, ఢీకొనును.

అందులకే మన దేశమున చిరకాలము టోకెను పద్ధతి నడిచినది. ఇరుగుపొరుగు స్టేషనులలోని రెండు యంత్రములు విద్యుత్తుచే ముడిపడియుండును. రెండింటిలో కలిపి ఒక వేళకు ఒక్క లోహపు బంతియే వెలికివచ్చును. అది చేతికందనిదే డ్రైవరు బండిని కదల్పరాదు. తరగతిలో మనకు రబ్బరు బంతులు చాలును: కవుతరమునకు అటువైపు ఎఱ్ఱది, ఇటువైపు పచ్చది. ఇది పిల్లచేష్ట యనరాదు. సికింద్రాబాదులో 1957లో స్థాపింపబడిన రైల్వే సిగ్నలు ఇంజనీరింగు విద్యాసంస్థలో పెద్దవారును నమూనాలపైననే ఈ విద్యను అభ్యసింతురు.

బండ్లు కొద్దిగా తిరుగు దారిని తేలికగా చూచువారు కలరు. కాకినాడనుండి కోటిపల్లికి 1928లో వేసిన దారిని 1940లో యుద్ధావసరములకై పెరికివేసిరి. మరల 2004లోగాని అచటికి రైలు రాలేదు. పిమ్మటను దానిపై చాలకాలము తిరిగినది ఒక్క రైలుబస్సే. పెద్దమార్గములో ఒక బండి తప్పినచో మరియొకటి దొరకును. ఒక్కటే యున్న యూరివారు దేని నెక్కుదురు?

కనుక ఆట మొదలిడునపుడు ఆలస్యమైన బండిని నడుపువానికన్న కవుతరములో కాచుకొనువానిని జాగ్రత్తగా ఎంచుకొనుడు. తరగతిలో ఎక్కువ తొందరగలవానికే ఆ పని ఇచ్చి చూడుడు.