ఉద్యోగమన నేమి?

ఆంగ్లమున ‘జాబ్’ అను చిన్న మాటకు మన తెలుఁగున పని, కొలువు, నౌకరీ, ఉద్యోగము అని పెక్కు పర్యాయపదములు గలవు. మన పెద్దలకు ‘జాబు’ అనఁగా ఉత్తరము. ‘జాబు వచ్చినది’ యన్నచో క్షేమసమాచారము తెలిసినదని సంతసించెడివారు. నేఁడు ఆ మాట విన్నవారు జీతమెంత యని యడుగుచున్నారు.

‘ఉద్యోగము’ అను పదమునకు మూలార్థము ప్రయత్నము. భారతమందలి ఉద్యోగపర్వము యుద్ధసన్నాహమును దెలుపునే కాని జీతపుఁ గొలువును గాదు. అట్లయిన మైపాడు తీరమునఁ దెల్లవాఱకమున్నే పడవ నెక్కి కడలిలో వల వేయువానిని ‘ఉద్యోగము లేనివాఁడు’ అనుట న్యాయమా?

1876-78 సంవత్సరముల కఱవునందు, అప్పుడు నెల్లూరు మండలములోని ఒంగోలున మిషనరీగా నుండిన జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో కొంతభాగమును గుత్తకుఁ దీసికొని, ఆఁకటివారిచేఁ ద్రవ్వించిరి. వారికి దొరకినది కొలువు గాదు, కూలిపని. ఆ కూలియే వారి ప్రాణములు నిలిపెను. అపొస్తలుఁడైన పౌలును డేరాలు కుట్టి జీవించెను గదా!

విద్యార్థులారా, మంచి కొలువునకై తప్పక యత్నింపుఁడు. కాని మీ తండ్రిగారి పని యేమని యెవరైన నడిగినచో, ‘ఏమియు లేదు, వలలు వేయుదురు’ అని తల వంచుకొనకుఁడు. ‘ఏమియు లేదు’ అను మాటను మాని, తక్కిన మాటను నిస్సంకోచముగాఁ జెప్పుఁడు. తలిదండ్రులారా, మీరును మీ పనిని బిడ్డల యెదుట నట్లే చెప్పుఁడు.