మందమతి యను ముద్ర

తరగతిలో కుదురుగా కూర్చుండని బాలుడు అల్లరివాడనియు, అక్షరములు తారుమారు చేయు బాలిక మందమతి యనియు ముద్రవేయుట మనకు వాడుకయైనది. ఆటిజమును, నిర్దిష్ట అభ్యసన వైకల్యములను 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 వైకల్యములలో చేర్చినది. చట్టము మార్గము చూపినది; నడువవలసినది పాఠశాల.

మెదళ్ళ తీరు వేర్వేరుగా నుండుట సహజమని నమ్మిన మనస్తత్త్వవేత్త బిడ్డను పరీక్షించి, ఏ ధ్వని బాధించునో, ఏ పనియందు మనసు లగ్నమగునో, బోధన యెట్లు మారవలయునో తెలుపును. నలుగురివలె నటింపజేయుటయే చికిత్సయని భావింపడు. ఏండ్ల తరబడి అట్లు నటించి అలసిన పెద్దలకును ఈ పరీక్ష ఊరట.

ఉపాధ్యాయులారా! ఆ నివేదిక చేతికందిన నాడు, "ఈ బిడ్డ యెప్పుడు మారును?" అని అడుగకుడు. "రేపటి పాఠమున నేనేమి మార్చవలెను?" అని మిమ్ము మీరే అడుగుకొనుడు.