చల్లని ఊరేనట... మరి ఈ మధ్యాహ్నం పని ఎవరికోసం?

అనంతపురంలో ఎండ 42 డిగ్రీలు దాటితే అదొక వార్త. బెంగళూరులో 37 అంటే మాత్రం ఎవరికీ పట్టదు. "అంతేనా? మీకేం, అదృష్టవంతులు" అనేస్తారు ఊళ్లో వాళ్లు. ఎండకు తట్టుకోలేకపోతున్నానని కొడుకు ఫోనులో చెబితే తల్లి కూడా నమ్మదు. ఫ్యాను లేకుండా బతికిన ఊరు, పింఛనుదారులు ఏరికోరి ఇల్లు కట్టుకున్న ఊరు అని పడిపోయిన పేరు అంత తొందరగా పోతుందా! ఆ పేరే ఇప్పుడు కూలీనాలీ చేసుకునేవాడి కొంప ముంచుతోంది.

బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. అందుకే చల్లన. కాదనలేం. కానీ 2016 ఏప్రిల్‌లో ఇదే నగరంలో పాదరసం 39.2 డిగ్రీలకు ఎక్కింది. 2024 ఏప్రిల్ 28న 38.5. ఆ నెల మొత్తంలో నగరంలో లెక్కకు వచ్చేంత చినుకు కూడా పడలేదు. ఏప్రిల్ అలా పొడిగా గడవడం 41 ఏళ్లలో అదే మొదటిసారి. దానికి ముందే బోర్లు ఎండిపోయి ట్యాంకర్ల కోసం జనం కొట్లాడుకున్నారు. దాదాపు 14 వేల ప్రభుత్వ బోర్లలో 6,900 ఎండిపోయాయని ముఖ్యమంత్రి సిద్ధరామయ్యే ప్రకటించారు. మరుసటి ఏడాది మే నెలలో వానలు ముంచెత్తేసరికి ఎండ గొడవ అందరూ మరిచారు. పడవల మీద జనాన్ని తరలించిన ఊళ్లో వడదెబ్బ గురించి మాట్లాడితే నవ్వుతారు మరి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. వాతావరణ శాఖ లెక్క ప్రకారం మైదాన ప్రాంతంలో పగటి ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు తాకితేనే వడగాలి కిందకు వస్తుంది. బెంగళూరు నగర కేంద్రంలో ఇంతవరకు 40 నమోదు కాలేదు. అంటే 39.2 దగ్గర రోడ్డు మీద మనిషి కళ్లు తిరిగి పడిపోయినా కాగితం మీద అది వడగాలి లెక్కలోకి రాదన్నమాట. పైగా ఆ కొలత నీడలో, గాలి ఆడే పెట్టెలో పెట్టిన థర్మామీటరుది. హెబ్బాళ ఫ్లైఓవరు మీద, హెల్మెట్ లోపల, ముందు లారీ సైలెన్సరు, కింద తారు... అక్కడ ఎంత ఉందో ఎవరు కొలిచారు?

నిజానికి సమస్య డిగ్రీలది కాదు. గడియారానిది.

ఊళ్లో ఎండకు తగ్గట్టు పని నడుస్తుంది. హిందూపురం, మడకశిర వైపు మల్బరీ తోటల్లో తెల్లవారకముందే ఆకు కోతకు దిగుతారు. బేల్దారి పనైనా పొద్దున ఆరింటికే మొదలుపెట్టి పదకొండుకు చేతులు కడుక్కుంటారు. మళ్లీ చల్లపూట మూడున్నర, నాలుగు తర్వాతే. నడుమ వేపచెట్టు కింద ఒక కునుకు. బడులు కూడా మార్చి సగం నుంచి ఒంటిపూటే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలీలకు ఎండాకాలంలో వేసవి భత్యం ఇచ్చేవారు. ఎండలో అంతే పని కాదని, కొలత తగ్గినా కూలి తగ్గకూడదని ప్రభుత్వమే ఒప్పుకున్న లెక్క అది. ఇదంతా ఎవరో పెద్ద చదువు చదివి కనిపెట్టింది కాదు. ఎండ తిన్న ఊళ్లు తరతరాలుగా నేర్చుకున్న పద్ధతి.

అదే మనిషి బస్సెక్కి బెంగళూరు రాగానే ఆ పద్ధతి సరిహద్దు చెక్‌పోస్టు దగ్గరే దిగిపోతుంది. ఇక్కడ సైటు పని తొమ్మిదింటికి మొదలు, ఆరింటికి ఆఖరు. ఒంటి గంటకు అరగంటో ముప్పావు గంటో భోజనం. సరిగ్గా ఎండ ముదిరే పన్నెండు నుంచి మూడు దాకా సెంట్రింగ్ మీద ఇనుప కడ్డీలు వంచుతుంటారు. ఎండలో కాగిన కడ్డీ ఎలా ఉంటుందో పట్టుకున్నవాడికే తెలుసు. 42 డిగ్రీల ఊళ్లో నీడన కూర్చున్న మనిషి, 37 డిగ్రీల ఊళ్లో ఎండన నిలబడ్డాడు. ఎవరు అదృష్టవంతులో లెక్క వేసుకోవచ్చు.

రాత్రి కూడా ఊరట లేదు. సైటు పక్కన రేకుల షెడ్లలో కాపురం. పగలంతా తాగిన వేడిని కాంక్రీటు రాత్రి కక్కుతుంది. ఒకప్పుడు చెరువులు, చెట్లు ఆ వేడిని మింగేవి. 1973 నుంచి లెక్కేస్తే నగరంలో పచ్చదనం 88 శాతం, నీటి వనరులు 79 శాతం తరిగిపోయాయని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన టి.వి. రామచంద్ర బృందం తేల్చింది. చెరువు పూడ్చిన చోట లేచిన అపార్టుమెంటుకు 'లేక్ వ్యూ' అని పేరు పెట్టడం ఈ ఊరికే చెల్లింది.

ప్రయాణమే సగం పని

పనికి ముందు ప్రయాణం ఉంది. అదీ ఎండలోనే. 2024లో బెంగళూరులో 10 కిలోమీటర్ల దూరానికి సగటున 34 నిమిషాలకు పైగా పట్టిందని టామ్‌టామ్ సంస్థ లెక్కగట్టింది. మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు ఏసీ ఆఫీసుల్లో పనిచేస్తారు కాబట్టి వాళ్లకు ఎండ రానూపోనూ రెండు పూటలే. మెట్రో ఉన్నవాళ్లకు అదీ తగ్గింది. కానీ 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ టికెట్టు 60 రూపాయల నుంచి 90కి పెరిగాక, రోజు కూలీ మెట్రో ఎక్కాలంటే వెనకాముందు ఆలోచించాల్సిందే. మిగిలింది మామూలు బస్సు. మధ్యాహ్నం సిల్కుబోర్డు కూడలిలో ఆగిపోయిన బస్సులో, అందునా ఇంజిన్ పక్కన నిలబడితే తెలుస్తుంది. డ్రైవరు రోజంతా అక్కడే కూర్చుంటాడు మరి!

హిందూపురం నుంచి గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా, కుప్పం నుంచి బంగారుపేట, మాలూరు మీదుగా రైళ్లలో సీజన్ టికెట్టు మీద వచ్చిపోయేవాళ్లున్నారు. తెల్లవారుజామున సద్ది కట్టుకుని బయల్దేరితే ఇల్లు చేరేసరికి రాత్రి. రైలు దిగాక మళ్లీ బస్సు. పన్నెండు పద్నాలుగు గంటలు ఇంటి బయటే గడిపే మనిషికి ఎండాకాలంలో కావలసింది ముందుగా నీళ్లు, తర్వాత మరుగుదొడ్డి. ఆడవాళ్లు చాలామంది దారిలో నీళ్లే తాగరు. తాగితే ఎక్కడికి వెళ్లాలన్న భయం. ఎండలో నీళ్లు మానేస్తే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్లు, ఏళ్ల తరబడి అలాగే సాగితే కిడ్నీలకే ముప్పు. ఇది వడదెబ్బ లెక్కలో ఎక్కడా చేరదు.

పౌరకార్మికుల పరిస్థితీ అంతే. బెంగళూరు వీధులు ఊడ్చేవారిలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. తాతల కాలంలో ఆంధ్ర జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు. పొద్దున్నే పనికి దిగుతారు కాబట్టి ఎండ తగలదనుకుంటాం. హాజరు వేసుకుని ఇంటికి పోవాలంటే మధ్యాహ్నం దాకా ఉండాల్సిందే. వీధి ఊడ్చేవాళ్లకు తాగడానికి గ్లాసు నీళ్లు ఇవ్వడానికి గేటు తీయని ఇళ్లు ఇంకా ఉన్నాయి. మన ఊళ్లలో చలివేంద్రం, కన్నడంలో అరవట్టిగె. మాట రెండు భాషల్లోనూ ఉంది. ఈ మహానగరంలో దాని జాడే కరవైంది.

కోటుకు మినహాయింపు, పారకు లేదు

ఎండకు పని వేళలు, పద్ధతులు మార్చడం కర్ణాటకకు తెలియని విద్యేమీ కాదు. కలబురగి విభాగం జిల్లాలతో పాటు విజయపుర, బాగల్‌కోటెలో ప్రభుత్వ కార్యాలయాలు 2025 ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 8 నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకానే పనిచేశాయి. 2024లో ఏప్రిల్ 18 నుంచి మే 31 దాకా కింది కోర్టుల్లో న్యాయవాదులు నల్లకోటు వేసుకోనక్కర్లేదని కర్ణాటక హైకోర్టు మినహాయింపు ఇచ్చింది. మంచిదే. నల్లకోటులో ఉడికిపోవడం ఎంత కష్టమో న్యాయమూర్తులకు తెలుసు. ఆ కోర్టు గేటు బయట టోపీ, టై, బూట్లతో పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డుకు మాత్రం ఎవరూ మినహాయింపు ఇవ్వలేదు.

కేరళ ఏటా వేసవిలో బయట పనిచేసేవారికి మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా విశ్రాంతి తప్పనిసరి చేస్తోంది. ఉదయం 7 నుంచి రాత్రి 7 లోపు ఎనిమిది గంటల పని సర్దుకోవాలి. కార్మిక శాఖ తనిఖీలు చేస్తుంది. గల్ఫ్‌కు వెళ్లిన మన కడప, కరీంనగర్ వాళ్లను అడిగినా చెబుతారు. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని నిషేధం. ఖతర్‌లో 2021 నుంచి పది గంటలకే ఆపేసి మూడున్నర దాకా దించకూడదు. కార్మికుల హక్కుల గురించి గొప్పగా చెప్పుకోని దేశాలే ఆ పని చేస్తుంటే ఐటీ రాజధానికి ఏమొచ్చింది?

ఒక మాట ఒప్పుకోవాలి. కేరళ ఉత్తర్వులోనే సముద్రమట్టానికి 3 వేల అడుగులకు పైన ఉన్న ప్రాంతాలకు మినహాయింపు ఉంటుంది. అక్కడ వడదెబ్బ భయం లేదని. ఆ లెక్కన చూస్తే బెంగళూరు సరిగ్గా ఆ గీత మీద కూర్చుంది. మున్నార్ తేయాకు తోటకూ, సిల్కుబోర్డు కూడలికీ ఒకటే కొలత పెడితే ఎలా? ఎత్తును కాదు, మనిషి నిలబడ్డ చోటును చూడాలి.

బిల్డర్లు చెప్పే సాకు పని ఆలస్యమవుతుందని. వాళ్ల ఇంజినీర్లనే అడగండి. మండుటెండలో కాంక్రీటు పోస్తే నీరు తొందరగా ఆవిరై పగుళ్లు వస్తాయని ప్రతి సైటు ఇంజినీరుకూ తెలుసు. అందుకే తడి గోనెపట్టాలు కప్పుతారు, రోజూ నీళ్లు పెడతారు. వేడి వాతావరణంలో కాంక్రీటు ఎలా పోయాలో భారతీయ ప్రమాణాల్లో ప్రత్యేకంగా రాసిపెట్టారు కూడా. స్లాబుకు జరిగే ఆ మర్యాద దాన్ని పోసినవాడికి జరగడం లేదు.

అసలు భయం కూలీలదే. మూడు గంటలు ఆపితే ఆ మేరకు కూలి కోస్తారేమోనని. ఆ భయం న్యాయమైనదే. అందుకే విశ్రాంతి అని ఉత్తర్వు ఇస్తే చాలదు, కూలి తగ్గించకూడదన్న షరతు అందులోనే ఉండాలి. నిర్మాణ వ్యయంలో ఒక శాతం కార్మిక సంక్షేమానికి సెస్సుగా వసూలు చేసే ఏర్పాటు 1996 చట్టాలతోనే వచ్చింది. పెళ్లికి, కాన్పుకు, చదువుకు సాయం ఇచ్చే ఆ నిధిలోంచి ఎండకు పోయిన పూటకు కొంత ఇస్తే తప్పేమిటి? అట్టడుగు అడ్డా కూలీకి గుర్తింపు కార్డే ఉండదంటారా, నిజమే. ముఖ్యంగా పక్క రాష్ట్రం ఆధార్ ఉన్నవాడు కార్డు కోసం తిరగాలంటే రెండు రోజుల కూలి పోగొట్టుకోవాలి. ఆ తిప్పలు తప్పించాల్సింది కూడా ప్రభుత్వమే.

డెలివరీ కుర్రాళ్ల సంగతి వేరు. వాళ్లకు మేస్త్రీ లేడు, ఫోనే మేస్త్రీ. జనం ఎండకు బయటికి రాకపోతే వాళ్లకు గిరాకీ. అంటే ఎండ పెరిగేకొద్దీ పని పెరుగుతుంది. ప్లాట్‌ఫాం కార్మికుల సంక్షేమానికి కర్ణాటక 2025లో చట్టం చేసింది. కంపెనీల నుంచి సంక్షేమ రుసుము వసూలు చేయొచ్చు. ఆ డబ్బుతో ముందుగా చేయాల్సింది కూర్చోవడానికి నీడ, నీళ్లు, ఒక మరుగుదొడ్డి. చెన్నై కార్పొరేషన్ అదే ఏడాది అణ్ణానగర్, టి.నగర్‌లలో వీళ్లకోసం ఏసీ విశ్రాంతి గదులు తెరిచి చూపించింది. పుదుచ్చేరిలో 2024లో సిగ్నళ్ల దగ్గర పచ్చ వల కట్టి వాహనదారులకు నీడ ఇచ్చారు. బెంగళూరు ఇప్పుడు ఒక కార్పొరేషన్ కాదు, గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద అయిదు. ఏదో ఒకటి ముందుకొచ్చి ఒక్క సిగ్నలు దగ్గరైనా వల కట్టొచ్చు. వలకు ఎంతవుతుంది?

పని వేళలు మారిస్తే బస్సుల వేళలూ మారాలి. ఇది మరవకూడదు. ఆరింటికి సైటులో ఉండమంటే అయిదింటికి బస్సు ఉండాలి. హిందూపురం, కుప్పం రైళ్లు ఆ వేళకు అందాలి. లేకపోతే కొత్త వేళల పేరుతో నిద్ర పోతుంది తప్ప ఎండ తప్పదు. 2023 జూన్ 11 నుంచి ఆడవాళ్లకు మామూలు బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చిన కర్ణాటక, దానికి తమ రాష్ట్ర చిరునామా ఉన్న గుర్తింపు కార్డు అడుగుతోంది. పన్నుల సొమ్ముతో ఇస్తున్నప్పుడు అడగడంలో తప్పు పట్టలేం. అనంతపురం ఆధార్ పట్టుకున్న ఆడకూలీ మాత్రం ఆ బస్సు ఛార్జీ మిగుల్చుకోవడానికి ఎండలో రెండు స్టాపులు నడిచి వెళ్తోంది. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న మొదలుపెట్టిన స్త్రీశక్తి ఉచిత ప్రయాణం ఆమెకు ఇటువైపు పనికిరాదు. రెండు ప్రభుత్వాలూ కూర్చుని మాట్లాడుకుంటే సరిహద్దు జిల్లాల ఆడకూలీలకు ఎండాకాలం మూడు నెలలకైనా ఒక పాసు ఇవ్వడం పెద్ద పనేమీ కాదు. ఆ లేఖ రాయాల్సింది అమరావతి నుంచి. జవాబు ఇవ్వాల్సింది బెంగళూరు నుంచి.