గాజుల సైజూ, చక్రాల సైజూ

మనలో గాజుల సైజు తెలియని వాళ్లుండరు. రెండు-నాలుగా, రెండు-ఆరా అంటే నిద్రలో లేపి అడిగినా చెప్తాం. రెండు-ఆరు అంటే రెండంగుళాలూ, దాని మీద అంగుళంలో పదహారో వంతులు ఆరూ. గాజు లోపలి అడ్డుకొలత 60 మిల్లీమీటర్ల పైచిలుకు. ఎంత ముచ్చటపడి కొన్నా చిన్నదైతే చేతికి ఎక్కదు, పెద్దదైతే అంట్లు తోముతుంటే జారి సింకులో పడుతుంది. డజను గాజుల దగ్గర ఇంత పట్టింపు ఉన్న మనం, ప్రాణాలు మోసే నాలుగు టైర్ల దగ్గరికి వచ్చేసరికి "ఆయన చూసుకుంటారులే" అనేస్తాం. ఈ నెల కబుర్లు ఆ నాలుగు చక్రాల గురించే.

ఇక్కడ ఎష్‌బోర్న్‌లో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక చెల్లెలుంది. సొంత చెల్లెలు కాదు, దసరా బొమ్మల కొలువు దగ్గర పరిచయమై, అక్కా అక్కా అంటూ దగ్గరైన అమ్మాయి. నలభయ్యో పుట్టినరోజుకి తన జీతంలోంచి దాచుకున్న డబ్బుతో 1993 నాటి మాజ్దా ఎంఎక్స్-5 కొనుక్కుంది. రెండే సీట్లు, చేత్తో వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. గుంటూరు నుంచి వాళ్లమ్మగారు వీడియోలో చూసి, "ఇద్దరు పిల్లల తల్లివి, రెండు సీట్ల బండేమిటే?" అన్నారట. "పిల్లల బండి వేరే ఉందమ్మా, ఇది నా బండి" అంది మా చెల్లెలు. ఆ ఒక్క మాటకే నాకు ఆ బండి మీద అభిమానం పుట్టింది.

అమెరికాలో ఉన్నవాళ్లకి ఈ కారు మియాటాగా తెలుసు. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించారు. 2016 ఏప్రిల్‌కల్లా పది లక్షల బళ్లు తయారయ్యాయి. దాని గొప్పంతా బరువు తక్కువగా ఉండటంలోనే ఉంది. మొదటి తరం బండి సుమారు ఒక టన్ను. ఆ బరువుకి తగ్గట్టే 14 అంగుళాల చక్రాలు, సన్నటి టైర్లు పెట్టి తయారు చేశారు.

అయితే ఈ అమ్మాయి కొన్న బండికి పాత యజమాని 17 అంగుళాల చక్రాలు తొడిగించాడు. నల్లగా నిగనిగలాడుతూ భలే ఉన్నాయి. వాళ్లాయనకీ, కొడుక్కీ తెగ నచ్చేశాయి. కొనేటప్పుడు అడిగితే "అన్నీ సరిపోతాయి, ఏం కాదు" అన్నాడట అమ్మినాయన. కానీ క్యోనిగ్‌స్టైన్ దాటి ఫెల్డ్‌బెర్గ్ కొండ ఎక్కుతుంటే, బాగా వంగిన మలుపుల్లో ముందు చక్రం దగ్గర గరగరమని చప్పుడు. వాన పడ్డ రోజున గతుకు తగిలితే స్టీరింగు చేతిలోంచి లాగేసినట్టు ఉందట. పైగా రెండేళ్లకోసారి చేయించాల్సిన తనిఖీ, మనం ట్యూఫ్ అనేది, ఇంకో రెండు నెలల్లో ఉంది. "ఏం చెయ్యనక్కా, ఇవి ఉంచనా, తీసేయనా?" అని కాగితాలు పట్టుకుని వచ్చింది. కాఫీ పెట్టుకుని ఇద్దరం లెక్కకి కూర్చున్నాం.

ముందు రిజిస్ట్రేషన్ కాగితం చూడాలి. జర్మనీలో దాన్ని ఫార్‌త్సోయ్గ్‌షైన్ అంటారు. అందులో 15.1 అనే గడిలో ముందు టైర్ల సైజు, 15.2లో వెనక టైర్ల సైజు ఉంటాయి. ఈ బండికి రెండు చోట్లా 185/60 ఆర్14 82హెచ్ అని ఉంది. దీన్ని చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. 185 అంటే టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 60 అంటే టైరు పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి అరవై వంతు, అంటే 111 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్ రకం. 14 అంటే రిమ్ము అడ్డుకొలత, అంగుళాల్లో. 82 అంటే ఒక్కో టైరు 475 కిలోలు మోయగలదని. హెచ్ అంటే గంటకి 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. ఒకే వరుసలో మిల్లీమీటర్లు, శాతాలు, అంగుళాలు! మన గాజుల వాళ్లే నయం.

ఇప్పుడు మొత్తం చక్రం ఎత్తు లెక్క. 14 అంగుళాలంటే 355.6 మిల్లీమీటర్లు. దానికి పైనా కిందా చెరో 111 కలిపితే సుమారు 578. తొడిగి ఉన్న టైర్ల మీద 205/40 ఆర్17 అని ఉంది. అదే లెక్క వేస్తే సుమారు 596. మూడు శాతం ఎక్కువ. మూడు శాతమేగా అనుకోకండి. చక్రం పెద్దదైతే ఒక్క తిరుగుడుకి బండి ఎక్కువ దూరం వెళ్తుంది, స్పీడోమీటరుకి ఆ సంగతి తెలియదు. అది 100 చూపిస్తున్నప్పుడు ఈ తేడా వల్లే బండి 103 దగ్గర ఉంటుంది. యూరప్ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా కాస్త ఎక్కువ చూపించొచ్చు గానీ, తక్కువ మాత్రం చూపించకూడదు. కంపెనీ వాళ్లు ముందుజాగ్రత్తగా వదిలిన ఆ కాస్త జాగాని పెద్ద చక్రం తినేస్తుంది.

పక్కగోడ ఎత్తు కూడా చూశాం. అసలు టైరుకి 111 మిల్లీమీటర్లుంటే దీనికి 82. గతుకు వచ్చినప్పుడు ముందు నలిగి దెబ్బ కాచుకునేది ఆ రబ్బరు గోడే. అది పొట్టిదైతే దెబ్బ నేరుగా రిమ్ముకీ, స్టీరింగుకీ, మన నడుముకీ తగులుతుంది. ముప్పై ఏళ్లు దాటిన బండిలో కీళ్లూ బుష్షులూ మనకన్నా ముందే అరిగి ఉంటాయి మరి.

ఇక గరగర చప్పుడు సంగతి. ఇది చాలామందికి తెలియని అంకె, ఆఫ్‌సెట్. రిమ్ము మీద ఈటీ అని రాసి పక్కన ఒక సంఖ్య ఉంటుంది. రిమ్ము సరిగ్గా నడిమధ్య గీత నుంచి, బండికి ఆనించి బిగించే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటి వైపుకి ఉందో ఆ సంఖ్య చెప్తుంది. సంఖ్య తగ్గితే చక్రం బయటికి జరుగుతుంది, పెరిగితే లోపలికి వెళ్తుంది. ఈ కారుకి కంపెనీ ఇచ్చిన రిమ్ము అయిదున్నర అంగుళాల వెడల్పు, ఈటీ 45. ఇప్పుడున్నది ఏడంగుళాల వెడల్పు, ఈటీ 35. లెక్క కడితే బయటి అంచు 29 మిల్లీమీటర్లు బయటికి, లోపలి అంచు 9 మిల్లీమీటర్లు లోపలికి జరిగాయి. దాదాపు మూడు సెంటీమీటర్లు! చప్పుడు చెయ్యక ఏం చేస్తుంది? "సైజు సరిపోయింది అంటే నట్లు పట్టాయనే కదక్కా అన్నాడు" అంది మా చెల్లెలు. నట్లు పట్టడం వేరు, బండికి సరిపోవడం వేరు. నాలుగు నట్లు, వాటి వలయం అడ్డుకొలత 100 మిల్లీమీటర్లు అన్నది ఎన్నో చిన్న కార్లకి ఒకటే. మధ్యలో బెజ్జం ఈ బండికి 54.1 మిల్లీమీటర్లు. రిమ్ము బెజ్జం పెద్దదైతే సరైన వలయం వేసి నడిమికి కూర్చోబెట్టాలి, లేదంటే వేగం పెరిగేసరికి స్టీరింగు వణుకుతుంది.

అమ్మాయిలూ, ఇక్కడ అసలు సంగతి వినండి. ప్రమాదానికి దారితీయగల మార్పు చేసి, దాన్ని తనిఖీ చేయించి కాగితాల్లోకి ఎక్కించకపోతే, జర్మనీలో ఆ బండికి రోడ్డు మీద తిరిగే అనుమతే పోతుంది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్లతో పేచీ మొదలవుతుంది. నడిపినవాళ్లనే కాదు, బండి ఎవరి పేరు మీద ఉందో వాళ్లనీ చట్టం అడుగుతుంది. మన ఇళ్లలో ఎన్ని కార్లు ఆడవాళ్ల పేరు మీద ఉన్నాయో లెక్కపెట్టుకోండి. సంతకం మనది, చక్రాల ఎంపిక ఇంకొకరిది అయితే ఎలా?

బయటి రిమ్ములు కొనేటప్పుడు మూడు దారులున్నాయి. ఆ రిమ్ముకి ఆబేయే అనే సాధారణ అనుమతి ఉండి, అందులో మన కారు మోడలు పేరూ, టైరు సైజూ ఉంటే, షరతులు చదివి కాగితం బండిలో పెట్టుకుంటే చాలు. టైల్‌గూటాఖ్టెన్ ఉంటే బిగించిన వెంటనే తనిఖీకి తీసుకెళ్లాలి. ఏదీ లేకపోతే ఒక్క ఆ బండికోసం ఇంజనీరు ప్రత్యేకంగా చూసి ఒప్పుకోవాలి, దానికి ఖర్చూ ఎక్కువే, ఒప్పుకుంటారన్న నమ్మకమూ లేదు. ఆయన ఎదురెదురు మూలల చక్రాలను ఎత్తుమీదికి ఎక్కించి, స్టీరింగు చివరిదాకా తిప్పి, ఎక్కడ రాసుకుంటుందో చూస్తారు. మా చెల్లెలి రిమ్ములకి ఏ కాగితమూ లేదు.

మరి ఏం పెట్టాలి? రెండు మంచి దారులు కనిపించాయి. ఒకటి, అసలు 14 అంగుళాల రిమ్ములే వెతికి 185/60 వేసుకోవడం. ఏ కాగితమూ కొత్తగా అక్కర్లేదు. చిక్కల్లా ఈ సైజులో టైర్ల ఎంపిక ఇప్పుడు తక్కువ. రెండోది 15 అంగుళాలకి 195/50. మొత్తం ఎత్తు 576, అసలుదానికీ దీనికీ తేడా అర శాతం కూడా లేదు. రిమ్ము ఆరంగుళాలు, ఈటీ 40 అయితే బయటికి 11 మిల్లీమీటర్లే జరుగుతుంది. ఈ సైజులో టైర్లు కూడా బాగా దొరుకుతాయి. కానీ కాగితం తప్పనిసరి.

వాళ్లాయన "పదిహేడు ఎంత అందంగా ఉన్నాయో" అని ఒకసారి నిట్టూర్చాడు. అప్పుడు ఇంకో లెక్క చెప్పాం. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి ముప్పై ఏళ్లు నిండి, అసలు రూపంలో చక్కగా ఉన్న బండికి ఇక్కడ నంబరు చివర హెచ్ అక్షరం ఇస్తారు. పాతకాలపు వారసత్వ వాహనమని గుర్తింపు. కార్లకి ఏడాది పన్ను ఇంజను ఎంతదైనా 191 యూరోల 73 సెంట్లు. ఈ బండికి ఆ వయసు 2023లోనే వచ్చేసింది. కానీ దానికి చక్రాలు అసలువో, ఆ కాలంలో దొరికినవాటిలాంటివో అయి ఉండాలి. ఈ కాలపు పదిహేడంగుళాలతో ఆ ముచ్చట తీరడం కష్టం. ఆయన మారు మాట్లాడలేదు.

చివరికి మా చెల్లెలు 14 అంగుళాల అసలు రిమ్ములే ఎంచుకుంది, పాతవాటి సెట్టు దొరికింది. కొత్త టైర్లు వేయించి, 50 కిలోమీటర్లు తిప్పాక నట్లు మళ్లీ బిగించి చూసుకుంది. ట్యూఫ్‌కి తనే వెళ్లింది. అదే ఫెల్డ్‌బెర్గ్ మలుపుల్లో ఇప్పుడు చప్పుడు లేదట. "స్టీరింగు కూడా తేలిగ్గా ఉందక్కా, బండి నా మాట వింటోంది" అంది.

పాత స్పోర్ట్స్ కారు ఉన్నవాళ్లకి ఇంకో రెండు ముక్కలు. ఇలాంటి బళ్లు ఎండాకాలం ఆదివారాల్లోనే బయటికొస్తాయి కాబట్టి టైరు గాళ్లు అరగవు, రబ్బరు మాత్రం ముసలిదైపోతుంది. టైరు పక్కన డీవోటీ వెంట చివరి నాలుగు అంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైనదని. పదేళ్లు దాటితే గాళ్లెంత లోతుగా ఉన్నా మార్చేయండి. చలికాలంలో కూడా నడుపుతానంటే, మంచు, ఐసు ఉన్న రోడ్డు మీద కొండా మంచురేకూ గుర్తున్న టైర్లే ఉండాలి. 2024 అక్టోబరు నుంచి ఉత్త ఎం+ఎస్ అక్షరాలు ఇక్కడ చెల్లవు.

జర్మనీ బయట ఉన్నవాళ్లకి కాగితాలు మారతాయి గానీ లెక్కలు మారవు. అమెరికాలో డ్రైవరు తలుపు తెరిస్తే చౌకట్టు మీద స్టిక్కరులోనే అసలు సైజు రాసి ఉంటుంది. ఈ వారాంతం ఒకసారి మీ బండి దగ్గరికి వెళ్లి, కాగితంలో ఉన్న అంకెలూ టైరు మీదున్న అంకెలూ పక్కపక్కన పెట్టి చదవండి. అయిదు నిమిషాల పని. తేడా కనిపిస్తే నాకు రాయండి, కలిసి లెక్క వేద్దాం.