జుబాన్ తడబడే బిడ్డకు ఆ కాస్త వఖ్త్ ఇవ్వలేమా?

డైలాగులు చాలా తక్కువ. పాటల్లేవు, ఫైటింగుల్లేవు, వెనకాల మ్యూజిక్ కూడా లేదు. ఇలాంటి సినిమా ఇంట్లో పెడితే పది నిమిషాలకే "కథ ఎప్పుడు మొదలవుతుంది?" అనే సవాల్ వస్తుంది. మా ఇంట్లోనూ వచ్చింది. అయినా సరే, పిల్లలున్న ప్రతి ఖాన్‌దాన్ తుర్కీ సినిమా 'బాల్'ని ఒక్కసారైనా కలిసి కూర్చుని చూడాలన్నది నా రాయ్. బాల్ అంటే తేనె. సెమిహ్ కప్లానోలు తీసిన ఈ సినిమాకి 2010లో బెర్లిన్ ఫెస్టివల్‌లో గోల్డెన్ బేర్ అవార్డు వచ్చింది.

కథ రెండు ముక్కల్లో చెప్పొచ్చు. తుర్కీలో నల్లసముద్రం వైపు కొండలు, దట్టమైన అడవి. యాకూబ్ ఎత్తైన చెట్ల మీద తేనెపట్టు పెట్టెలు కట్టి బతుకుతుంటాడు. బీవీ జెహ్రా టీ తోటలో పని చేస్తుంది. వాళ్ల ముద్దుల కొడుకు యూసుఫ్ అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్నాడు. తేనెటీగలు మాయమవుతుంటే యాకూబ్ ఇంకా లోపలి అడవికి వెళ్తాడు. రోజులు గడుస్తాయి, మనిషి రాడు. ఇంట్లో ఇంతెజార్.

ఈ పేర్లు వినగానే మనకు ఖురాన్‌లోని ఖిస్సా గుర్తొస్తుంది. అక్కడ కొడుకు కోసం వాలిద్ ఎదురు చూశారు. ఇక్కడ అబ్బా కోసం కొడుకు ఎదురు చూస్తాడు. యాకూబ్ అలైహిస్సలామ్ తన బిడ్డతో ఆ ఖ్వాబ్ అన్నలకు చెప్పవద్దన్నారు కదా. సినిమాలో యాకూబ్ కూడా ఖ్వాబులు పైకి చెప్పకూడదంటాడు, కొడుకు నోటి దగ్గర చెవి పెడతాడు. ఆ ఖ్వాబ్ ఏమిటో మనకు వినిపించదు. అది తండ్రీకొడుకుల అమానత్.

అసలు దర్ద్ యూసుఫ్ జుబాన్‌లో ఉంది. అబ్బా పక్కనుంటే గుసగుసగా గోడమీది క్యాలెండర్ చదివేస్తాడు. క్లాసులో నిలబెట్టి గట్టిగా చదవమంటే నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతాడు. తోటి పిల్లలు నవ్వుతారు. బాగా చదివినవాళ్ల చొక్కాకి టీచర్ ఎర్ర బ్యాడ్జీ పెడతాడు, యూసుఫ్ దానివైపే చూస్తుంటాడు. అబ్బా రాకపోయేసరికి ఆ ఉన్న కాస్త మాట కూడా పోతుంది.

సినిమా ఎందుకంత సుస్త్‌గా ఉందో ఇక్కడే తెలుస్తుంది. ఆ బిడ్డ పెదవులు కదిలేదాకా కెమెరా కదలదు. మనమూ కదలకుండా కూర్చోవాలి. మాట అందించాలని మన ప్రాణం కొట్టుకుంటుంది, కానీ అందించలేం. వాడికెంత టైం పడుతుందో మనకూ అంతే పడుతుంది. ఎన్ని బయాన్లు విన్నా రాని సబర్ అది.

మరి మన ఇళ్లలో ఏం జరుగుతోంది? చుట్టాలు రాగానే "బేటా, ఒక సూరా చదివి వినిపించు" అంటాం. బిడ్డ తడబడితే ముందు నవ్వుతాం, తర్వాత మాట మనమే పూర్తి చేస్తాం, ఆ తర్వాత "ఫలానావాళ్ల అబ్బాయిని చూడు" అంటాం. మక్తబ్‌లో సబఖ్ అప్పజెప్పేటప్పుడూ ఇదే కథ, బడిలోనూ ఇదే. నత్తి బద్ధకం కాదు, బే-అదబీ అంతకన్నా కాదు. తిడితే తగ్గదు, భయానికి ఇంకా బిగుసుకుంటుంది. అవసరమైతే స్పీచ్ థెరపిస్ట్‌కి చూపించాలి. ఇంట్లో మాత్రం మాట పూర్తయ్యేదాకా ఆగితే చాలు. మూసా అలైహిస్సలామ్ అంతటి పైగంబర్ తన నాలుక ముడి విప్పమని అల్లాహ్‌ను వేడుకున్నారు, తోడుగా హారూన్ అలైహిస్సలామ్‌ను అడిగారు. ఆ దువా మన పిల్లలకు నేర్పిస్తాం. దాని మత్‌లబ్ మాత్రం మనం మర్చిపోతాం.

ఇంకో మాట. తెర మీద ముస్లిం ఇల్లంటే బాంబో, ఖవ్వాలీయో, బిర్యానీయో అనుకునే రోజులివి. ఇక్కడ దీన్ గోడమీది క్యాలెండర్‌లో ఉంది, షబే మేరాజ్ నాడు నానమ్మ ఊరెళ్లడంలో ఉంది. ఎవరూ ఎవరికీ వివరణ ఇవ్వరు, సఫాయీ చెప్పుకోరు. యూసుఫ్‌కి పాలు ఇష్టం లేదని జెహ్రా చూడకుండా యాకూబే ఆ గ్లాసు తాగేస్తాడు. అబ్బా లేని రోజుల్లో, దిగులుపడ్డ అమ్మీ కోసం ఆ పాలు యూసుఫ్ ఏం చేస్తాడో మీరే చూడండి. మొహబ్బత్ గురించి అందులో ఒక్క డైలాగ్ కూడా లేదు.

బోర్ కొడుతుందన్న మాట అబద్ధం కాదు. అలవాటు లేనివాళ్లకు మొదటి అరగంట కష్టమే. రెండు గంటల్లోపు సినిమా, కావాలంటే రెండు రోజులు చూడండి. ఫోన్లు పక్క గదిలో పెట్టండి, సౌండ్ కాస్త పెంచండి. ఆకుల చప్పుడు, పిట్టల కూత, తేనెటీగల రొద, ఆ సినిమా సంగీతం అదే. చూశాక పిల్లలకు "ఏం అర్థమైంది?" అని ఇంతెహాన్ పెట్టకండి. వాళ్లంతట వాళ్లే చెబుతారు. చెప్పడానికి వఖ్త్ పడితే, పడనివ్వండి.