తుప్పు పట్టిన మరమేకు

పిల్లలూ! విజయనగరం నుంచి గజపతినగరం, రామభద్రపురం మీదుగా సాలూరు పోయే రోడ్డు మీలో చాలామంది ఎరుగుదురు. సాలూరు లారీలకు పేరుపడ్డ ఊరు. ఆ ఊరు దాటాక రోడ్డు కొండలెక్కి, మెలికలు తిరుగుతూ ఒడిశాలోని కొరాపుట్ వైపు సాగిపోతుంది. ఇటు శృంగవరపుకోట దాటితే అరకు ఘాటు రోడ్డు. ఈ కొండదారుల్లో జీపులు ఎన్నో ఏళ్ళు మనుషులనూ, సంత సరుకులనూ మోశాయి. పాతబడినా ఇంకా పనిచేస్తున్న జీపులు ఇప్పటికీ లేకపోలేదు.

అలాంటి పాత జీపు ఒకటి మెకానిక్కు షెడ్డుకు వచ్చిందనుకోండి. ఇంజను బాగానే ఉంది. తలుపు మాత్రం కిందికి వాలిపోయింది. ఎంత గట్టిగా వేసినా సరిగా పడదు. చూస్తే పై మడతబందు అరిగిపోయింది. ఇంటి తలుపు వాలితే ఎత్తి వేసుకుంటాం. ఘాటులో మలుపు తిరిగేటప్పుడు జీపు తలుపు తెరుచుకుంటే, దాన్ని ఆనుకుని కూర్చున్నవాడి గతి ఏమిటి? కనక బందు మార్చక తప్పదు. మార్చాలంటే దాన్ని పట్టి ఉంచిన నాలుగు మరమేకులూ ఊడదీయాలి. నాలుగు మరమేకులు ఐదు నిమిషాల పని అనిపిస్తుంది. కాని ఒక్కొక్కప్పుడు వాటికి ఒక పగలూ, ఒక రాత్రీ కూడా చాలవు.

(జీపు పుట్టినప్పుడు దానికి తలుపులే లేవు! రెండవ ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి తయారైన విల్లిస్ జీపులో సిపాయిలు చప్పున ఎక్కి, చప్పున దూకటానికి వీలుగా పక్కలు ఖాళీగా వదిలేశారు. తలుపులూ, బందులూ, ఈ తంటాలూ అన్నీ తరువాత వచ్చినవే.)

మరమేకు ఎందుకు బిగుసుకుపోతుంది? ఇరవై ఏళ్ళ కిందట దాన్ని బిగించినవాడు మహా బలవంతుడు కావటం వల్ల కాదు. తుప్పు వల్ల. ఇనుమూ, నీరూ, గాలిలోని ఆక్సిజనూ కలిస్తే తుప్పు పుడుతుందని మీరు బళ్ళో చదువుకునే ఉంటారు. ఇక్కడ గమనించవలసింది ఇంకొకటి ఉన్నది. ఇనుము తుప్పుగా మారినప్పుడు, అది మొదట ఉన్న చోటుకు రెట్టింపు కంటె ఎక్కువ చోటు కావాలంటుంది. ఆరుబయట పడి ఉన్న మేకు తుప్పు పడితే ఆ తుప్పు పొరలు పొరలుగా ఊడి కిందపడుతుంది. కాని నట్టులోపల మరచుట్లకు మధ్య ఉన్న సందు మన తలవెంట్రుక మందం కూడా ఉండదు. అక్కడ పుట్టిన తుప్పు ఎక్కడికి పోతుంది? ఎటూ పోలేక, సందులో కొట్టిన చీలలాగా రెండు వైపులా ఒత్తుతూ కూర్చుంటుంది. ఆ చీల మీదే మనం స్క్రూడ్రైవరు పట్టుకుని కుస్తీ పడుతున్నామన్నమాట.

విజయనగరానికి సముద్రం ఎంతో దూరంలో లేదు. భోగాపురం, పూసపాటిరేగ వైపు తీరం వెంట తిరిగే బండ్లకు ఉప్పుగాలి తగులుతుంది. ఉప్పు కలిసిన తేమలో తుప్పు ఇంకా వేగంగా పుడుతుంది.

జీపులాంటి బండ్లన్నీ ఇనుముతోనే చేసినవి కావు. ఇంగ్లండులో 1948లో వచ్చిన లాండ్ రోవరు అనే బండికి ఒంటిరేకులు అల్యూమినియం కలిసిన లోహంతో చేశారు. యుద్ధం ముగిసిన రోజుల్లో అక్కడ ఉక్కు కరువు. కాని తలుపు మరమేకులు మాత్రం ఉక్కువే. రెండు వేరువేరు లోహాలు ఒకదానికొకటి తగిలి ఉండి, మధ్య ఉప్పుతేమ చేరితే అక్కడ ఒక చిన్న బ్యాటరీ తయారవుతుంది. రెండిటిలో ఒకటి కరిగిపోవటం మొదలుపెడుతుంది. ఉక్కూ అల్యూమినియమూ తగిలినచోట అల్యూమినియం తెల్లని పొడిగా మారి మరమేకును పట్టేస్తుంది.

ఈ సంగతి మొదట ఓడలవాళ్ళకు తెలిసివచ్చింది. 1761లో ఇంగ్లీషువాళ్ళు అలారం అనే యుద్ధనౌక అడుగున రాగిరేకులు తొడిగారు. సముద్రపు పురుగులు చెక్కను తొలిచివేయకుండా ఉండటానికి చేసిన ఏర్పాటది. 1763లో ఓడను పరీక్షిస్తే చాలాచోట్ల రాగిరేకు ఊడిపోయి ఉన్నది. రాగి చెక్కుచెదరలేదు. దాన్ని పట్టి ఉంచిన ఇనుపమేకులు తినివేయబడ్డాయి! విచిత్రమేమంటే, కొన్ని మేకులు మాత్రం బాగానే ఉన్నాయి. రాగిరేకులను చుట్టి పంపిన మట్టిరంగు కాగితం ఆ మేకుల దగ్గర అలాగే ఉండిపోయింది. రాగి ఇనుమును తాకకుండా ఆ కాగితమే అడ్డుపడ్డది. బ్యాటరీ 1800లో గాని పుట్టలేదు. ఓల్టా దాన్ని తయారుచేయటానికి దాదాపు నలభై ఏళ్ళ ముందే, ఓడ అడుగున ఒక చిత్తుకాగితం ఆ పాఠం చెప్పింది.

ఇక మన జీపు దగ్గరకు వద్దాం. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రాడు ఏం చేస్తాడు? స్క్రూడ్రైవరు పెట్టి, పళ్ళు బిగించి, ఒక్క ఊపున తిప్పబోతాడు. సరిగ్గా అప్పుడే మేస్త్రి, "ఓరి గుంటడా, ఆగు! తొందరపడితే తలకాయ అరిగిపోద్ది," అని కేకవేస్తాడు. ఆయన అన్న తలకాయ మరమేకుది. మన వాళ్ళు "స్టారు" అనే నాలుగు గాళ్ళ మరమేకు తల మీరు చూసే ఉంటారు. అమెరికాలో ఫిలిప్స్ అనే ఆయన పేరుతో అది 1930ల్లో కార్ల తయారీలోకి వచ్చింది. దాని గాళ్ళ గోడలు నిటారుగా ఉండవు, లోపలికి వాలుగా ఉంటాయి. కనక బలం మరీ ఎక్కువైతే స్క్రూడ్రైవరు వాలుమీద జారి పైకి లేచి వస్తుంది. వస్తూ వస్తూ గాళ్ళ అంచులు గీరేస్తుంది. రెండుసార్లు అలా జరిగితే ఇక అక్కడ మిగిలేది ఒక గుండ్రని గుంట. దాన్ని ఏ స్క్రూడ్రైవరూ పట్టలేదు.

కనక మేస్త్రి మొదట చేసే పని తిప్పటం కాదు, శుభ్రం చేయటం. పాత జీపు మీద ఎన్నిసార్లు రంగు వేశారో ఎవరికి తెలుసు! గాడి సగం రంగుతోనే నిండి ఉంటుంది. సన్నని సూదితో దాన్ని తవ్వి, తీగబ్రష్షుతో తోమాలి. స్క్రూడ్రైవరు మొన గాడిలో అడుగంటా కూర్చోవాలి. ఇది పిల్లలు కూడా చేయగల పని. పెద్దలు దగ్గర ఉండి చేయించవచ్చు. అయితే కళ్ళకు అద్దాలు పెట్టుకోకుండా తీగబ్రష్షు పట్టకూడదు.

తరువాత నూనె. ఏ నూనె? ఆముదం పోస్తే అది పైనే జిడ్డుగా నిలిచిపోతుంది. పలచని నూనె కావాలి. కిరసనాయిలు గాని, బజారులో ఇందుకోసమే అమ్మే పలచని నూనె గాని చుక్కలు చుక్కలుగా వేస్తారు. దీపంలో నూనె వత్తిని పట్టుకుని పైకి పాకటం చూశారు గదా. అదే తీరుగా పలచని నూనె ఇరుకు సందుల్లోకి తనంత తానే పాకుతుంది. సందు ఎంత ఇరుకైతే అంత దూరం లోపలికి పోతుంది. కాని నెమ్మదిగా పోతుంది. సాయంత్రం వేసి, మళ్ళీ రాత్రి వేసి, తెల్లవారి చూడాలి. వీలుంటే వెనకవైపు నట్టు మీద కూడా వేయాలి.

తెల్లవారిన తరువాత సుత్తి. మరమేకు తల మీద నిటారుగా, చిన్న చిన్న దెబ్బలు వేస్తారు. తుప్పు గట్టిదే గాని పెళుసు. మట్టిబెడ్డలాగా దెబ్బకు చిట్లుతుంది. చిట్లిన ప్రతి పగులులోకీ నూనె చేరుతుంది. దీనికోసమే తయారైన పనిముట్టు ఒకటి ఉన్నది. దాన్ని ఇంపాక్టు డ్రైవరు అంటారు. వెనక సుత్తితో కొడితే, లోపల ఏటవాలుగా ఉన్న గాడి వల్ల ఆ దెబ్బ కొంత తిరుగుడుగా మారుతుంది. ఒకే క్షణంలో మొన గాడిలోకి అణగుతుంది, తిరుగుతుంది కూడా. అందుకే అది జారదు. దీన్ని కనిపెట్టినవాడికి నమస్కారం పెట్టాలని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తిరగటం మొదలుపెట్టగానే సంతోషంతో గిరగిరా తిప్పేయకూడదు. పావువంతు వదులు చేసి, మళ్ళీ కాస్త బిగించి, ఇంకో చుక్క నూనె వేసి, మళ్ళీ వదులు చేయాలి. అలా చేస్తే పొడి అయిన తుప్పు బయటికి వస్తుంది. లేకపోతే అదే మళ్ళీ దారికి అడ్డం పడి, మరమేకు మధ్యకు విరుగుతుంది. తలుపు బరువు మరమేకుల మీద పడకుండా కింద చెక్కదిమ్మ పెట్టటం కూడా మరవకూడదు.

దీనికీ లొంగకపోతే వేడి. ఇక్కడ మీకొక ప్రశ్న: ఇనుపరేకులో ఒక బెజ్జం ఉన్నది. రేకును వేడిచేస్తే బెజ్జం చిన్నదవుతుందా, పెద్దదవుతుందా? ఇనుము అన్నివైపులా వ్యాకోచిస్తుంది కనక బెజ్జం పూడుకుపోతుందని చాలామంది అంటారు. కాదు, పెద్దదవుతుంది! బండిచక్రానికి కమ్మరి ఇనుపపట్టీ వేయటం మీ తాతగారిని అడగండి. పట్టీని ఎర్రగా కాల్చి చక్రానికి తొడుగుతారు. నీళ్ళు పోయగానే అది కుంచించుకుని చక్రాన్ని కరిచిపట్టుకుంటుంది. నట్టును కూడా చుట్టూ వేడిచేస్తే దాని బెజ్జం రవంత పెద్దదవుతుంది. మీటరు పొడవు ఇనుపకడ్డీ వేడి నూరు డిగ్రీలు పెరిగితే సుమారు 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది. చిన్న నట్టులో ఇది కంటికి ఆనదు గాని, తుప్పుపట్టు వదలటానికి అదే చాలు.

అయితే అమ్మలూ, నాన్నలూ, ఇది మీరు కూడా చదవాలి. పాత విల్లిస్ జీపుల్లో పెట్రోలు ట్యాంకు డ్రైవరు సీటు కిందనే ఉండేది. తలుపు బందుకు అది ఎంత దూరం? చేతికందే దూరం! పెట్రోలు లేదు గదా అనుకుంటే ఇంకా ప్రమాదం. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి గాలితో కలిసి ఉంటుంది, నిప్పురవ్వ చాలు పేలటానికి. పైగా మనం రాత్రంతా కిరసనాయిలు పోసిన చోటది. కనక ట్యాంకు తీసి దూరం పెట్టి, నూనె అంతా తుడిచి, పని తెలిసినవాడు మాత్రమే మంట పట్టుకోవాలి. పిల్లలు ఆ దరిదాపులకు పోరాదు. మంట లేకుండా పని జరిగే మార్గం ఉంటే, ఒక రోజు ఆలస్యమైనా సరే, అదే మంచిది.

చివరికి ఏదీ పనిచేయకపోతే తల నడిమధ్య గుంట కొట్టి, డ్రిల్లుతో తలను తొలిచి తీసేస్తారు. బందు ఊడివస్తుంది. మిగిలిన మొండెం పైకి పొడుచుకుని ఉంటుంది గనక దాన్ని పట్టుకారుతో పట్టి తిప్పుతారు. తల పోయాక బిగువు తగ్గి, అంతవరకు మొరాయించిన మరమేకు చాలాసార్లు ఇట్టే తిరుగుతుంది.

కొత్త మరమేకులు బిగించేటప్పుడు మరచుట్లకు గ్రీజు పూస్తే నీరు లోపలికి పోదు. అల్యూమినియం ఒళ్ళున్న బండి అయితే రెండు లోహాలకూ మధ్య పలచని ప్లాస్టిక్కు గాని, రబ్బరు గాని పెడతారు. అలారం ఓడలో కాగితం చేసిన పని ఇక్కడ అది చేస్తుంది.

ఈ నెల మీరు చేసి చూడవలసిన ప్రయోగం ఇది. తెల్లపూత లేని ఇనుపమేకులు నాలుగు, గాజుగ్లాసులు నాలుగు తీసుకోండి. మొదటి దానిలో పెద్దలచేత మరగించి చల్లార్చిన నీళ్ళు పోసి, మేకు వేసి, పైన వంటనూనె ఒక పొరగా పోయండి. రెండో దానిలో మామూలు నీళ్ళు. మూడో దానిలో ఉప్పునీళ్ళు. నాలుగో దానిలో కూడా ఉప్పునీళ్ళే, కాని మేకు చుట్టూ గీకి శుభ్రం చేసిన రాగితీగ గట్టిగా చుట్టండి. వారంరోజులు కదపకుండా ఉంచి, రోజూ ఒకే వేళకు చూసి, ఏ గ్లాసులో ఎప్పుడు ఎర్రదనం కనిపించిందో తేదీతో సహా నోటుపుస్తకంలో రాసుకోండి.